తాలు

ఏటుకూరు రోడ్డులో కొత్త కోల్డ్ స్టోరేజీ ప్రారంభానికి
ఎల్ఈడీ గోడ మీద మిరపకాయలు కురవాలన్నారు.
ఎన్ని కురవాలని అడిగాను.
బేరం లేకుండా చెప్పేశాడు శాంసన్: ముప్పైవేలు.
అడ్వాన్సు కూడా తీసేసుకున్నాడట.

నా పనిలో రాత తక్కువ. పెట్టెలూ, తీగలూ.
ఒక పెట్టెలో ఆకారం, ఒకదాంట్లో వెలుగు,
ఇంకోదాంట్లో కెమెరా.
దీని కుడి చెవిలోంచి తీగ లాగి
దాని ఎడమ చెవిలో దూర్చడం.
ఈపాటి దానికి జీతమా అంటుంది మా పిన్ని.

మొదటి రాత్రి కాయకో పెట్టె పెట్టాను.
నాలుగొందల కాయలకే
సెకనుకి మూడు బొమ్మలు.
ఎర్రగా వణికి, ఆగి, మళ్లీ వణికి,
ఎత్తలేని టిక్కీని
మోకాలి మీద ఆనించుకున్న ముఠా కూలీలా
నిలబడిపోయింది యంత్రం.

దారి మార్చాను.
ఒక్క కాయ చెక్కాను, తేజ రకం, తొడిమతో సహా.
మిగతావన్నీ పట్టికలో అంకెలు:
ఇది ఇక్కడ, ఇంత ఎత్తు, ఇంత వంపు.
గోడ మీద గీయొద్దు,
ఎవరికీ కనపడని తెర ఒకటుంది లోపల,
అక్కడ ఒక్క ఊపులో అన్నీ గీసి
తయారైన బొమ్మొకటే బయటికి పంపు అన్నాను.

నల్లగా వచ్చింది.
గంటన్నర తిట్టుకున్నాను, దాన్నీ నన్నూ.
ఈ పెట్టెల లోకంలో ఒక కట్టుబాటు:
అడిగేవాళ్లు లేనిది ఎవరూ వండరు.
చివరున్న గోడ ఆకలంటేనే
మొదట్లో ఉన్న పెట్టె పొయ్యి వెలిగిస్తుంది.
ఆఖరి తీగ తగిలించడం మరిచిపోయానంతే.
తగిలించగానే
వాన.

కింద వాటా మస్తాన్‌బీ యార్డు నుంచి వచ్చి
ఛార్జరు కోసం గుమ్మంలో నిలబడింది.
కొంగు దులిపితే నేను తుమ్మాను.
వేళ్లకి తడిగుడ్డ చుట్టుకుని ఉంది, మంటకి.
చాలాసేపు చూసింది నా వానని.
"తాలేదే?" అంది.
ఏంటన్నాను.
"ఇన్ని కాయల్లో ఒక్క తాలూ లేదా?
ఎండకి తెల్లబోయింది, మచ్చ పడింది,
తొక్కలో గింజ లేనిది.
తాలే లేకపోతే
పొద్దుటినుంచీ నేను ఏరిందేంటి పిల్లా?"
ఛార్జరు తీసుకుని దిగిపోయింది.

పట్టికకి ఇంకో వరస కలిపాను.
ముప్పైవేలల్లో వెయ్యిన్నూటపదహారు తాలు,
చదివింపులు రాసినట్టు రాశాను.
ఒక్కోదానికి ఒక్కో పాలిపోవడం.
అప్పుడు మాత్రం, నిజం,
గొంతులో కాస్త ఘాటు తగిలింది.

రిహార్సల్లో యజమాని తమ్ముడు
ఫోన్లోంచి తలెత్తి
"ఆ తెల్లవేంటండీ, తీసేయండి,
సరుకు మీద అనుమానమొస్తుంది" అన్నాడు.

ఒక్క మీట నొక్కితే పోతాయి.
వేలు దాకా వచ్చి ఆగింది.
వాటికి వేరే తెర వేశాను లోపలే,
గోడకి తీగ ఇవ్వకుండా.
అడిగేవాళ్లు లేక
వెయ్యిన్నూటపదహారూ గాల్లో ఆగిపోయాయి,
కాటా దగ్గర సంచీ చిరిగినప్పుడు తీసిన ఫోటోలా.

ప్రారంభం రోజు రిబ్బను తెగింది.
గోడ మీద ఎర్ర వాన, మచ్చ లేని వాన.
జనం ఫోన్లు ఎత్తారు.
గోడ వెనక కేబుళ్ల మధ్య
ప్లాస్టిక్ కుర్చీలో నేను.
ల్యాప్‌టాప్ మూల
బొటనవేలంత కిటికీ ఒకటి తెరిచి ఉంచాను.
అందులోకి నేను చూస్తున్నంతసేపూ
ఎక్కడో పొయ్యి వెలిగే ఉంటుంది.
పాలిపోయిన కాయలు
మెల్లగా, తిరుగుతూ, పడుతున్నాయి.

శాంసన్ వంగి అంకెలు చూశాడు.
"అరవై రావాలిగా, యాభై ఎనిమిదొస్తోందే,
ఆ రెండూ ఎక్కడ పోతున్నాయి?"

మే నెల కదా,
వేడికి అన్నాను.